పిల్లల్ని ఒక్కరే పెంచుతూ, ఉద్యోగం చేస్తూ అమెరికాలో నర్సింగ్ చదవాలంటే: ఏబీఎస్‌ఎన్ తీసుకోవాలా, కమ్యూనిటీ కాలేజీకి వెళ్లాలా?

ఇండియాలో బీఎస్సీయో బీఫార్మసీయో బీటెక్కో చేసి అమెరికా వచ్చారు. ఇప్పుడు ఏ కారణం చేతనైనా పిల్లల్ని ఒక్కరే చూసుకుంటున్నారు. ఉన్న ఉద్యోగం ఎన్నాళ్లుంటుందో తెలియకో, జీతం చాలకో నర్సింగ్ వైపు చూస్తున్నారు. ఇలాంటివాళ్లు నా ఎరుకలోనే చాలామంది ఉన్నారు, అందరూ మొదట అడిగేది ఒకటే: "ఏడాదిలో అయిపోయేది ఉందట కదా, అందులో చేరిపోనా?" వాళ్లు అడుగుతున్నది యాక్సిలరేటెడ్ బీఎస్‌ఎన్ గురించి, అందరూ ఏబీఎస్‌ఎన్ అంటారు. ఇప్పటికే ఏదో ఒక డిగ్రీ ఉన్నవాళ్లకు 11 నుంచి 18 నెలల్లో బీఎస్‌ఎన్, అంటే నర్సింగ్‌లో బ్యాచిలర్స్ డిగ్రీ ఇచ్చే కోర్సు ఇది.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఏడాదిన్నర ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బు, తెల్లారకముందే పిల్లల్ని అప్పగించగలిగే మనిషి, ఈ రెండూ ఉంటే ఏబీఎస్‌ఎన్ తీసుకోండి. రెండిట్లో ఏ ఒక్కటి లేకపోయినా కమ్యూనిటీ కాలేజీలో ఏడీఎన్ అనే నర్సింగ్ అసోసియేట్ డిగ్రీ చేసి, ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) లైసెన్స్ తెచ్చుకుని, తర్వాత ఉద్యోగం చేస్తూ ఆన్‌లైన్‌లో బీఎస్‌ఎన్ పూర్తి చేసుకోండి. దీనికి మినహాయింపులున్నాయి, వాటి దగ్గరికి వస్తాను. (మీరు ఇండియాలోనే జీఎన్‌ఎం గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చేసి ఉంటే ఇదంతా మీకు అక్కర్లేదు. సర్టిఫికెట్లు ఇవాల్యుయేషన్‌కు పంపి ఎన్‌క్లెక్స్ అనే నర్సు లైసెన్స్ పరీక్ష రాసుకునే దారి ఉంది, మళ్లీ మొదటి నుంచి చదవొద్దు.)

ఉన్న దారులు

ఏబీఎస్‌ఎన్ గురించి చెప్పాను. ఏడీఎన్ అంటే కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ. మూడోది డైరెక్ట్ ఎంట్రీ మాస్టర్స్. నర్సింగ్ కాని డిగ్రీతో నేరుగా ఎంఎస్‌ఎన్‌లో చేర్చుకుంటారు, జాన్స్ హాప్‌కిన్స్ లాంటి పెద్ద యూనివర్సిటీల్లో ఉంది, ఖర్చు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. నాలుగోది ఎల్‌పీఎన్ (లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్స్, ఆర్‌ఎన్ కంటే కింది మెట్టు), దాదాపు ఏడాది, తర్వాత బ్రిడ్జ్ కోర్సు చేసి ఆర్‌ఎన్ కావచ్చు.

ఎల్‌పీఎన్‌ను పక్కన పెడితే మిగతా మూడింట్లో ఏది చదివినా రాసే పరీక్ష ఒకటే, ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్. వచ్చే లైసెన్స్ కూడా ఒకటే. బెడ్ దగ్గర నిలబడ్డ నర్సు ఏడీఎన్ చేసిందా ఏబీఎస్‌ఎన్ చేసిందా అని పేషెంటుకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. తేడా వచ్చేది ఉద్యోగం దొరికే చోట. పెద్ద ఊళ్లలో మ్యాగ్నెట్ గుర్తింపు (నర్సింగ్ నాణ్యతకు ఇచ్చేది) ఉన్న హాస్పిటళ్లు బీఎస్‌ఎన్ ఉన్నవాళ్లనే ఎక్కువగా తీసుకుంటాయి, లేదా ఫలానా గడువులో బీఎస్‌ఎన్ పూర్తి చేస్తానని రాయించుకుంటాయి. న్యూయార్క్ అయితే 2017లో చట్టమే చేసింది, కొత్తగా ఆర్‌ఎన్ అయినవాళ్లు పదేళ్లలోపు బీఎస్‌ఎన్ తెచ్చుకోవాలి. అందుకే ఏడీఎన్ దగ్గర ఆగిపోవద్దు. అక్కడ మొదలుపెట్టవచ్చు, అంతే.

జీతాల సంగతికొస్తే, ప్రభుత్వ లేబర్ స్టాటిస్టిక్స్ లెక్కల్లో 2024 మే నాటికి ఆర్‌ఎన్ మధ్యస్థ జీతం ఏడాదికి 93,600 డాలర్లు, ఎల్‌పీఎన్‌ది 62,340. ఈ తేడా చూశాక, వెంటనే సంపాదన కావాల్సిన గట్టి అవసరం లేకపోతే ఎల్‌పీఎన్ దగ్గర ఏడాది పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

"పన్నెండు నెలలు" అసలు ఎక్కడి నుంచి మొదలవుతాయి

ప్రకటనలో కనబడే నెలలు ప్రీరెక్స్, అంటే నర్సింగ్‌లో చేరకముందే పూర్తి చేయాల్సిన సబ్జెక్టులు, అయిపోయిన రోజు నుంచి లెక్క. అనాటమీ అండ్ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, స్టాటిస్టిక్స్, న్యూట్రిషన్, డెవలప్‌మెంటల్ సైకాలజీ ఇలా ఉంటాయి, కాలేజీని బట్టి ఒకటో రెండో అటూఇటూ. అనాటమీ మొదటి భాగం పాస్ కాకుండా రెండోది ఇవ్వరు. సైన్స్ సబ్జెక్టులకు ల్యాబ్ ఉంటుంది. ఉద్యోగం చేస్తూ, పిల్లల్ని చూసుకుంటూ సెమిస్టర్‌కు రెండు సబ్జెక్టుల కంటే ఎక్కువ పెట్టుకుంటే మార్కులు పోతాయి, ఇక్కడ మార్కులే సీటు. కాబట్టి ఏడాది నుంచి ఏడాదిన్నర ఈ ముందు మెట్టుకే వేసుకోండి. చాలా కాలేజీలు అయిదేళ్లు లేదా ఏడేళ్ల కంటే పాతవైన సైన్స్ సబ్జెక్టులను ఒప్పుకోవు. మీ బీఫార్మసీలో చదివిన ఫిజియాలజీ ఎంత బాగా గుర్తున్నా మళ్లీ చదవాల్సిందే అనే సమాధానం రావచ్చు, దానికి మానసికంగా సిద్ధంగా ఉండండి. టీస్ లేదా హెసీ అనే ప్రవేశ పరీక్ష కూడా ఉంటుంది.

ఈ ప్రీరెక్స్ ఏ దారికైనా దాదాపు ఒకటే. అంటే అసలు పోటీ దాని తర్వాతి భాగంలో: ఏబీఎస్‌ఎన్ పదిహేను నెలలనుకుంటే, ఏడీఎన్ ఇరవై ఒకటి నుంచి ఇరవై నాలుగు నెలలు. తేడా ఆరు నుంచి తొమ్మిది నెలలు. ఆ నెలలు కొనుక్కోవడానికి ఎంత పెడుతున్నారో చూడండి. ప్రైవేటు ఏబీఎస్‌ఎన్ ఫీజు 50 వేల డాలర్ల దగ్గర మొదలై లక్ష దాకా కూడా వెళ్తుంది. అదే ఊళ్లోని కమ్యూనిటీ కాలేజీలో, ఆ కౌంటీ నివాసిగా, ఏడీఎన్ మొత్తం చాలాచోట్ల 10 నుంచి 15 వేల లోపు అయిపోతుంది. పైగా ఏబీఎస్‌ఎన్‌లో ఉద్యోగం మానేయాలి, ఆ జీతం కూడా ఖర్చు కిందే రాసుకోవాలి.

ఆరు నెలలు ముందే ఆర్‌ఎన్ జీతం వస్తుంది కదా అంటారు. నిజమే, పైన చెప్పిన మధ్యస్థ జీతం ప్రకారం అది పన్నులకు ముందు 46,800 డాలర్లు, చిన్న మొత్తం కాదు. కాబట్టి మీ రాష్ట్ర యూనివర్సిటీలో తక్కువ ఫీజు ఏబీఎస్‌ఎన్ ఉండి, మీ కౌంటీలో ఏడీఎన్‌కు ఏడాదో రెండేళ్లో వెయిట్‌లిస్ట్ ఉంటే లెక్క తిరగబడుతుంది, అప్పుడు ఏబీఎస్‌ఎన్‌దే పైచేయి. ఇది కాగితం మీద మీ ఊరి అంకెలతో వేసుకోవాల్సిన లెక్క. వేరే రాష్ట్రంలో ఉన్న స్నేహితురాలికి ఏది కలిసొచ్చిందో అదే మీకూ కలిసిరావాలని లేదు.

ఇంకో దారి ఉంది, చాలామంది కళ్లబడదు. కొన్ని కమ్యూనిటీ కాలేజీలు యూనివర్సిటీలతో ఒప్పందం పెట్టుకుని ఏడీఎన్ చదువుతుండగానే బీఎస్‌ఎన్ సబ్జెక్టులు కూడా పక్కపక్కనే చదవనిస్తాయి. అరిజోనాలో మారికోపా కాలేజీల కంకరెంట్ ఎన్‌రోల్‌మెంట్ ప్రోగ్రామ్ అలాంటిదే. ఏడీఎన్‌తో పాటే, లేదా కొద్దికాలం తేడాతో బీఎస్‌ఎన్ కూడా చేతికొస్తుంది. మీ దగ్గర్లో ఉంటే ముందు దాన్నే చూడండి.

క్లినికల్ రోజు పొద్దున అయిదున్నర

క్లినికల్ అంటే హాస్పిటల్లో పేషెంట్ల దగ్గర చేసే శిక్షణ. ఏ ప్రోగ్రామ్ సరిపోతుందో తేల్చేది నిజానికి ఇదే. హాస్పిటల్‌లో నైట్ షిఫ్ట్ నర్సు డే షిఫ్ట్ నర్సుకు ఏడింటికి రిపోర్ట్ ఇస్తుంది. విద్యార్థి 6:45కల్లా యూనిఫామ్‌లో, బ్యాడ్జి పెట్టుకుని ఆ ఫ్లోర్‌లో ఉండాలి. మీకు కేటాయించిన హాస్పిటల్ నలభై నిమిషాల దూరంలో ఉంటే, విద్యార్థులు దూరంగా ఉన్న పార్కింగ్‌లో కారు పెట్టి షటిల్ ఎక్కి రావాలంటే, ఇంట్లోంచి అయిదున్నర, ఆరింటి మధ్య బయలుదేరాలి. డేకేర్ తెరిచేది ఎక్కువచోట్ల ఆరున్నరకు. స్కూల్ బస్సు ఏడు దాటాకే. సాయంత్రం మళ్లీ ఏడుంబావుకు గానీ బయటపడరు, డేకేర్ ఆరింటికో ఆరున్నరకో మూసేస్తారు, ఆలస్యమైతే నిమిషాల లెక్కన ఫీజు వేస్తారు. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒకటిన్నర గంట. ఆ రెండున్నర గంటలు పిల్లల దగ్గర ఎవరుంటారు? వాళ్ల పేరు కాగితం మీద రాయగలిగితేనే మిగతా విషయాలు ఆలోచించండి.

క్లినికల్ రోజులు ఏవో సెమిస్టర్ మొదలవడానికి రెండు మూడు వారాల ముందు గానీ చాలా కాలేజీలు చెప్పవు. ఈ సెమిస్టర్ మంగళ, బుధవారాలైతే వచ్చే సెమిస్టర్ శని, ఆదివారాలు కావచ్చు. బిడ్డకు జ్వరం వస్తే డేకేర్ తీసుకోదు, మందు లేకుండా ఇరవై నాలుగు గంటలు జ్వరం లేకుండా ఉండాలంటుంది. క్లినికల్‌కు ఒక్క రోజు రాకపోతేనే మేకప్ చేయాలి, రెండో మూడో అయితే కోర్సే పోయే ప్రమాదం. రెండేళ్ల ఏడీఎన్‌లో ఈ సమస్యలన్నీ ఉన్నాయి, కానీ వారానికి ఒకటో రెండో క్లినికల్ రోజులే ఉంటాయి కాబట్టి ఊపిరి పీల్చుకునే వీలుంటుంది. ఏబీఎస్‌ఎన్‌లో అదే గంటలను కుదించి పెడతారు. వేసవి సెలవులు ఉండవు. ఒక వారం వెనకబడితే అది మూడు చాప్టర్లు, ఒక పరీక్ష.

సాయంత్రాలు, వారాంతాలు నడిచే ఏడీఎన్ బ్యాచ్‌లు కొన్ని కమ్యూనిటీ కాలేజీల్లో ఉన్నాయి. పగలు ఆఫీసు ఉద్యోగం చేసేవాళ్లకు ఇవి బంగారం. అయితే పిల్లల్ని చూసేవాళ్లు శనాదివారాల్లో దొరకడం ఇంకా కష్టం, మాజీ భర్త దగ్గర వారాంతాలు గడిపే పిల్లలైతే మాత్రం సరిగ్గా కుదురుతుంది.

కస్టడీ మాట వచ్చింది కాబట్టి ఒక ముఖ్యమైన విషయం. పక్క రాష్ట్రంలో మంచి ఏబీఎస్‌ఎన్ సీటొచ్చిందని పిల్లలతో సహా మారిపోదామనుకుంటే, మీ కస్టడీ ఆర్డర్‌లో రాష్ట్రం దాటకూడదనో, ఇన్ని మైళ్లు దాటితే కోర్టు అనుమతి కావాలనో ఉండొచ్చు. అప్లికేషన్ ఫీజు కట్టకముందే ఆర్డర్ కాపీ తీసి చదవండి, అర్థం కాకపోతే లాయర్‌ను అడగండి.

మనవాళ్లు ఎక్కువగా నమ్ముకునేది అమ్మానాన్నల్ని పిలిపించుకోవడం. మనవల్ని చూడాలని వాళ్లూ ఆశగా వస్తారు. విజిటర్ వీసా మీద సాధారణంగా ఒకసారికి ఆరు నెలలు ఇస్తారు, కోర్సు పదిహేను నెలలు. మీ అమ్మగారు మొదటి సెమిస్టర్‌కే వచ్చేస్తే, పెద్ద క్లినికల్స్ ఉండే సెమిస్టర్ల నాటికి తిరుగు విమానం ఎక్కేసి ఉంటారు. సిలబస్ ప్లాన్ తెప్పించుకుని, క్లినికల్ గంటలు ఎక్కువున్న సెమిస్టర్‌కు వాళ్ల రాకను జత చేయండి. వాళ్ల బీపీ, షుగర్ మందులు, ఇక్కడి ట్రావెల్ ఇన్సూరెన్స్ పరిమితులు కూడా ఆలోచించండి, అరవై ఐదేళ్ల మనిషి మీద మూడేళ్ల పిల్లాణ్ని పన్నెండు గంటలు వదిలేయడం అందరికీ కుదిరేది కాదు. పొద్దున్నే తెరిచే ఇంటి డేకేర్లు నడిపే తెలుగువాళ్లు చాలా ఊళ్లలో ఉన్నారు, లైసెన్స్ ఉందో లేదో చూసుకుని వాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఆన్‌లైన్ ఏబీఎస్‌ఎన్ అంటే ఏంటి

థియరీ ఆన్‌లైన్‌లో, ల్యాబ్ వాళ్ల సెంటర్లో, క్లినికల్స్ హాస్పిటల్లో. దీన్ని హైబ్రిడ్ అంటారు. క్లినికల్ లేని ప్రీలైసెన్స్ (మొదటిసారి నర్సు లైసెన్స్ కోసం చదివే) నర్సింగ్ కోర్సు అంటూ లేదు, ఉందని ఎవరైనా చెబితే ఆ ఫోన్ పెట్టేయండి. సింగిల్ పేరెంట్‌కు ఇందులో నిజమైన లాభం ఒకటుంది: రికార్డ్ చేసిన పాఠాలను పిల్లలు పడుకున్నాక రాత్రి తొమ్మిదింటికి వినొచ్చు. అది చిన్న విషయం కాదు, రోజూ రెండు గంటల ప్రయాణం తగ్గుతుంది.

కానీ పరీక్షల్లో చాలావరకు కెమెరా పెట్టి గమనిస్తారు. మొదలుపెట్టే ముందు గది అంతా కెమెరాతో తిప్పి చూపించాలి, పరీక్ష అయ్యేదాకా గదిలోకి ఎవరూ రాకూడదు. అయిదేళ్ల పాప తలుపు తోసుకుని "అమ్మా, నీళ్లు" అని వచ్చినా అది ఉల్లంఘనగా రికార్డవుతుంది, తర్వాత మెయిళ్లు రాసి వివరణ ఇచ్చుకోవాలి. పరీక్ష రోజు పిల్లల్ని బయట ఉంచే ఏర్పాటు కూడా చైల్డ్‌కేర్ లెక్కలో వేసుకోండి. కొన్నిచోట్ల స్కిల్స్ ల్యాబ్ కోసం వేరే ఊరికి వెళ్లి కొన్ని రోజులు ఉండాలి, అది కూడా ముందే అడగండి.

డబ్బు, డిగ్రీ, వీసా

ఫాఫ్సా అనే దరఖాస్తు నింపి చదువుకు ఫెడరల్ సాయం పొందాలంటే సిటిజన్ గానీ గ్రీన్ కార్డ్ హోల్డర్ గానీ అయ్యుండాలి, శరణార్థుల వంటి మరికొన్ని వర్గాలకూ ఉంది. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 వాళ్లకు లేదు.

అర్హత ఉన్నవాళ్లు కూడా ఒక విషయం గమనించాలి. ఇప్పటికే బ్యాచిలర్స్ డిగ్రీ ఉంటే తిరిగి కట్టక్కర్లేని పెల్ గ్రాంట్ రాదు. ఇక్కడే మన మూడేళ్ల డిగ్రీ విషయం తమాషాగా మారుతుంది. విదేశీ డిగ్రీ అమెరికన్ బ్యాచిలర్స్‌తో సమానమా కాదా అనేది కాలేజీ నిర్ణయిస్తుంది. మీ మూడేళ్ల బీఎస్సీ, బీకామ్ సమానం కాదని తేలితే ఏబీఎస్‌ఎన్‌కు అర్హత పోతుంది, అదే కారణంతో ఏడీఎన్‌లో పెల్ గ్రాంట్ దక్కే అవకాశం తెరుచుకుంటుంది. నాలుగేళ్ల బీటెక్, బీఫార్మసీకి సాధారణంగా ఈ చిక్కు ఉండదు. అందుకే ప్రీరెక్స్‌లో చేరే ముందే కోర్స్ బై కోర్స్ ఇవాల్యుయేషన్ చేయించండి, అదీ మీరు చేరాలనుకుంటున్న కాలేజీ ఏ సంస్థ రిపోర్టును ఒప్పుకుంటుందో అడిగాకే. ఉస్మానియా అయినా జేఎన్‌టీయూ అయినా ట్రాన్‌స్క్రిప్టులు యూనివర్సిటీ నుంచే నేరుగా వెళ్లాలి, దానికి అక్కడ తిరిగే మనిషి ఒకరు కావాలి, టైమ్ ముందే పెట్టుకోండి.

లోన్ల పరిమితి చాలామందికి చివర్లో తెలుస్తుంది. రెండో బ్యాచిలర్స్ చేస్తున్నవాళ్లకు ఫెడరల్ డైరెక్ట్ లోన్ ఏడాదికి 12,500 డాలర్లు, జీవితం మొత్తానికి 57,500. డెబ్బై వేల కోర్సుకు, పైగా ఇంటి అద్దె, డేకేర్ కలిపితే ఇది సగానికి కూడా రాదు. మిగతాది ప్రైవేటు లోన్, దానికి మంచి క్రెడిట్ ఉన్న కోసైనర్ కావాలి. విడాకుల తర్వాత క్రెడిట్ దెబ్బతిన్నవాళ్లు, కోసైన్ చేయమని అడగడానికి ఇక్కడ అన్నో తమ్ముడో లేనివాళ్లు అక్కడే ఆగిపోతారు. డైరెక్ట్ ఎంట్రీ మాస్టర్స్‌కు ఇంతకుముందు గ్రాడ్ ప్లస్ లోన్ ఆదుకునేది, 2025 చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవాళ్లకు అది లేదు, గ్రాడ్యుయేట్ విద్యార్థికి ఏడాదికి 20,500 డాలర్ల పరిమితి. నా దృష్టిలో మాస్టర్స్ దారిని సింగిల్ పేరెంట్స్ జాబితాలోంచి ఇది దాదాపు తీసేసినట్టే.

సాయపడేవి కూడా ఉన్నాయి. పిల్లల డేకేర్ ఖర్చును కాస్ట్ ఆఫ్ అటెండెన్స్‌లో (కాలేజీ వేసే మొత్తం చదువు ఖర్చు లెక్కలో) కలపమని ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసును అడగొచ్చు, వాళ్లంతట వాళ్లు చెప్పరు. రాష్ట్రాల చైల్డ్‌కేర్ సబ్సిడీ ఆదాయాన్ని బట్టి ఉంటుంది, చదువు గంటలను లెక్కలోకి తీసుకుంటారో లేదో మీ రాష్ట్ర నిబంధన చూడండి. ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే నర్స్ కోర్ స్కాలర్‌షిప్ ఫీజులు కట్టి, నెలనెలా స్టైపెండ్ కూడా ఇస్తుంది, బదులుగా నర్సుల కొరత ఉన్న చోట కనీసం రెండేళ్లు పనిచేయాలి. పోటీ ఎక్కువ, అయినా వేయండి. హాస్పిటళ్లు తమ ఉద్యోగులకు ఏడాదికి 5,250 డాలర్ల వరకు పన్ను లేకుండా ఫీజు సాయం చేయొచ్చు, చాలా హాస్పిటళ్లు పార్ట్‌టైమ్ వాళ్లకు కూడా ఎంతో కొంత ఇస్తాయి. ప్రీరెక్స్ చదివే కాలంలోనే సీఎన్‌ఏ (నర్సింగ్ అసిస్టెంట్) కోర్సు చేసి హాస్పిటల్లో పేషెంట్ కేర్ టెక్నీషియన్‌గా చేరితే ఈ డబ్బూ వస్తుంది, నర్సు పని మీ ఒంటికి సరిపడుతుందా లేదా అనేది కూడా తెలిసిపోతుంది. ఈ సలహాను నేను అన్నిటికంటే గట్టిగా చెబుతాను. పెద్దమనిషిని పక్కకు తిప్పి శుభ్రం చేయడం, వాంతి ఎత్తడం, ఎనిమిది గంటలు కూర్చోకుండా నడవడం ఇవన్నీ ముందే చేసి చూసినవాళ్లు తర్వాత వెనక్కి వెళ్లరు.

ఉద్యోగం మానేస్తే ఇన్సూరెన్స్ కూడా పోతుంది, మీదీ పిల్లలదీ. మార్కెట్‌ప్లేస్‌లో కొత్త ప్లాన్ తీసుకోవడానికి అరవై రోజులే గడువు.

ఇక హెచ్4 మీద ఉన్నవాళ్లకు విడిగా చెప్పాలి. విడాకులు ఖరారైతే హెచ్4 హోదా అక్కడితో పోతుంది, ఈఏడీ (పని అనుమతి కార్డు) ఉన్నా సరే. ఎఫ్1కు మారితే ఫుల్‌టైమ్ చదవొచ్చు గానీ బయట ఉద్యోగం కుదరదు, అంటే ఉద్యోగం చేస్తూ చదవడం అనే మాటే ఉండదు. చదువు అయ్యాక ఓపీటీ, అంటే చదివిన రంగంలో ఏడాది పనిచేసే అనుమతి. మామూలు స్టాఫ్ నర్సు ఉద్యోగానికి హెచ్1బీ దొరకడం చాలా కష్టం, ఎందుకంటే ఆ ఉద్యోగానికి అసోసియేట్ డిగ్రీ సరిపోతుంది, హెచ్1బీకి కనీసం బ్యాచిలర్స్ తప్పనిసరయ్యే ఉద్యోగం కావాలి. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డుల్లో ఈబీ3 అనే వర్గం కింద నర్సులకు షెడ్యూల్ ఏ అనే సులువు ఉన్నా, ఇండియాలో పుట్టినవాళ్ల క్యూ ఏళ్లతరబడి. ఈ పరిస్థితిలో ఉన్నవాళ్లు కాలేజీ కౌన్సెలర్ కంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. హింస కారణంగా బయటికొచ్చినవాళ్లకు చట్టంలో వేరే రక్షణలున్నాయి, అది తప్పకుండా అడగండి.

కాలేజీని ఎలా వడపోయాలి

స్టేట్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ ఆమోదం ఉందా, సీసీఎన్‌ఈ, ఏసీఈఎన్, సీఎన్‌ఈఏలలో ఏదో ఒక అక్రెడిటేషన్ ఉందా అనేవి కనీస ప్రశ్నలు. వాళ్ల వెబ్‌సైట్‌ను నమ్మకుండా బోర్డు వెబ్‌సైట్‌లో చూడండి. 2023 జనవరిలో ఫ్లోరిడాలో ఆపరేషన్ నైటింగేల్ పేరుతో బయటపెట్టిన కేసులో 7,600కు పైగా దొంగ నర్సింగ్ డిప్లొమాలు అమ్మినట్టు తేలింది. తొందరలో ఉన్నవాళ్లనే అలాంటివాళ్లు వెతుక్కుంటారు.

ఎన్‌క్లెక్స్ పాస్ శాతం బోర్డు ప్రతి ఏటా ప్రచురిస్తుంది, 2023 ఏప్రిల్‌లో కొత్త తరహా ఎన్‌క్లెక్స్ మొదలైంది కాబట్టి ఆ తర్వాతి ఏళ్లవి చూడండి. కానీ ఆ ఒక్క అంకెతో మోసపోవద్దు. కొన్ని కాలేజీలు చివర్లో ఎగ్జిట్ పరీక్ష పెట్టి, అది పాస్ కానివాళ్లను పట్టా ఇవ్వకుండా ఆపేస్తాయి. ఎన్‌క్లెక్స్ దాకా వెళ్లేది గట్టివాళ్లే కాబట్టి శాతం అందంగా కనబడుతుంది. అడగాల్సింది ఇది: చేరినవాళ్లు ఎంతమంది, వాళ్లలో అనుకున్న టైమ్‌కు పూర్తి చేసినవాళ్లు ఎంతమంది? నర్సింగ్‌లో పాస్ మార్కు చాలాచోట్ల 75కు పైనే, రెండు సబ్జెక్టులు పోతే ప్రోగ్రామ్ నుంచే తీసేసే నిబంధన మామూలు. ఒక సబ్జెక్టు పోతే తర్వాతి బ్యాచ్ ఎప్పుడో అడగండి. ఏడాదికి ఒక్కసారే బ్యాచ్ ఉంటే, మీ పన్నెండు నెలల కోర్సు ఇరవై నాలుగు నెలలైపోతుంది, అద్దె మాత్రం ఆగదు.

చిన్నదే అయినా మనవాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యేది టీబీ టెస్ట్. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నవాళ్లకు చర్మం మీద చేసే టెస్ట్ ఊరికే పాజిటివ్ చూపించొచ్చు. తర్వాత ఎక్స్‌రేలు, క్లియరెన్స్ లెటర్లు, టెన్షన్. మొదటే రక్తంతో చేసే క్వాంటిఫెరాన్ టెస్ట్ అడగండి. హెపటైటిస్ బీ టీకాల వరుస నెలల తరబడి సాగుతుంది కాబట్టి సీటు వచ్చేదాకా ఆగకుండా మొదలుపెట్టండి.

నేనైతే ఎవరికి ఏది చెబుతాను

గ్రీన్ కార్డ్ ఉండి, ఇంట్లో అమ్మో అక్కో పిల్లల్ని చూసుకునేవాళ్లుండి, పొదుపులో ఏడాదిన్నర ఖర్చులు ఉంటే, స్టేట్ యూనివర్సిటీ ఏబీఎస్‌ఎన్. ఆలోచించక్కర్లేదు. హ్యూస్టన్‌లో యూటీహెల్త్ పేస్‌సెట్టర్ బీఎస్‌ఎన్ లాంటి పదిహేను నెలల కోర్సులు ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఉన్నాయి, ఖరీదైన ప్రైవేటు వాటికంటే ముందు వీటిని వెతకండి.

పగటి ఉద్యోగం మానలేనివాళ్లకు, ఉద్యోగంతో వచ్చే ఇన్సూరెన్స్ మీద బిడ్డ వైద్యం ఆధారపడి ఉన్నవాళ్లకు సాయంత్రం బ్యాచ్ ఏడీఎన్, తర్వాత ఆన్‌లైన్ ఆర్‌ఎన్ టు బీఎస్‌ఎన్. ఏబీఎస్‌ఎన్ చేస్తూ ఫుల్‌టైమ్ ఉద్యోగం చేస్తాననుకునేవాళ్లకు వద్దని నేరుగానే చెబుతాను. ఒక్క మనిషి నిద్ర నుంచి తీసుకోగలిగే గంటలకు హద్దుంది, మందు మోతాదు లెక్కలో తప్పు చేస్తే ఆ నష్టం పేషెంటుది. వారాంతంలో ఒక్క షిఫ్ట్ చేయగలిగితే అదే ఎక్కువ.

పిల్లలు రెండు మూడేళ్లలోపు వాళ్లయి, ఎవరూ తోడు లేకపోతే ఈ ఏడాది ప్రీరెక్స్ మాత్రమే చదవండి. ఆన్‌లైన్‌లో దొరికే సైకాలజీ, స్టాటిస్టిక్స్, న్యూట్రిషన్ ముందు తీసుకోండి. గడువు తీరిపోయే సైన్స్ సబ్జెక్టులను అప్లై చేసే సమయానికి దగ్గరగా పెట్టుకోండి. బిడ్డ కిండర్‌గార్టెన్‌కు వెళ్లే ఏడాదికి ప్రోగ్రామ్ మొదలయ్యేలా చూసుకుంటే పగటి చైల్డ్‌కేర్ ఖర్చు బాగా తగ్గుతుంది. రాష్ట్రం మారే అవకాశం ఉంటే ఒకే లైసెన్స్‌తో చాలా రాష్ట్రాల్లో పనిచేయనిచ్చే నర్స్ లైసెన్షర్ కాంపాక్ట్‌లో మీ రాష్ట్రం ఉందో లేదో చూడండి, నలభైకి పైగా రాష్ట్రాలున్నాయి, కాలిఫోర్నియా, న్యూయార్క్ లేవు.

సీటు వచ్చిందని మెయిల్ రాగానే కొన్ని రోజుల్లో డిపాజిట్ కట్టమంటారు, అది సాధారణంగా తిరిగి రాదు. ఆ రోజుల్లోనే మూడు మెయిళ్లు పంపండి. కిందటి సెమిస్టర్ క్లినికల్ టైమ్‌టేబుల్, హాస్పిటళ్ల పేర్లతో సహా పంపమని ఒకటి. పిల్లలున్న ప్రస్తుత విద్యార్థి ఎవరితోనైనా మాట్లాడించమని ఒకటి. మధ్యలో ఆపాల్సివస్తే ఏ వారం దాకా ఎంత ఫీజు తిరిగిస్తారు, మళ్లీ ఎప్పుడు చేర్చుకుంటారు అని ఒకటి. అడ్మిషన్ కౌన్సెలర్ ఫోన్లో చెప్పే మాటలకు లెక్క లేదు, రాతలో తెప్పించుకోండి. మూడింటికీ సూటిగా జవాబు రాసి పంపిన కాలేజీకే డిపాజిట్ కట్టండి.